గోడ మీద 25 మిల్లీగ్రాములు

‘గోడలకు మందు కొట్టి వెళ్లారు, అయినా దోమలు కుడుతూనే ఉన్నాయి’ అని మన్యం ఊళ్లలో అంటుంటారు. నిజమే. ప్రభుత్వం ఇళ్ల గోడలకు కొట్టించే మందు కుట్టడాన్ని ఆపడానికి కాదు. రక్తం తాగిన ఎనాఫిలిస్ దోమ (మలేరియాను మోసేది ఇదే) బరువెక్కి దగ్గర్లోని గోడ మీద వాలుతుంది. దాని ఒంట్లో మలేరియా క్రిమి ముదిరి మరొకరికి ఎక్కే దశకు రావాలంటే పది రోజులు దాటాలి. ఈలోపు అది రెండు మూడు రోజులకోసారి రక్తం తాగుతుంది, తాగినప్పుడల్లా ఎక్కడో వాలుతుంది. ఆ వాలిన చోట్లలో ఒక్కటైనా మందు గోడ అయితే చాలు, అది చస్తుంది. నూటికి 85 ఇళ్లకైనా మందు పడాలని పట్టుబట్టేది అందుకే. పడుకునే గది వదిలేసి వసారాకి కొట్టించుకుంటే లెక్కలోకి వస్తుంది గానీ, ఫలితం ఉండదు.

చాలాచోట్ల దోమలు పాత మందు డీడీటీని తట్టుకోవడంతో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే వేరే రకం మందులు వచ్చాయి. వాటిలో ఒకటైన ఆల్ఫాసైపర్‌మెత్రిన్ 5 శాతం పొడి అయితే 10 లీటర్ల నీటికి 250 గ్రాములు. ముందు కాసిని నీళ్లతో ముద్దలా కలిపి, మిగతా నీళ్లు పోస్తూ తిప్పి, గుడ్డలో వడకట్టాలి. వడకట్టకపోతే పంపు నాజిల్ పూడుకుపోతుంది. ఈ పది లీటర్లు 500 చదరపు మీటర్లకు సరిపోవాలి. అప్పుడే చదరపు మీటరుకు 25 మిల్లీగ్రాములు పడుతుంది. నాజిల్ గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. నిమిషానికి 740 నుంచి 850 మిల్లీలీటర్లు రావాలి. కొలపాత్రలో పట్టి చూస్తే తెలుస్తుంది. అంతకు మించి వస్తే నాజిల్ అరిగిపోయినట్టే, మార్చేయాలి. లేదంటే మందు గోడ మీద నిలవక కారిపోతుంది, చివరి ఇళ్లకు మిగలదు.

మందు ప్రభావం పది పన్నెండు వారాలు. అందుకే మొదటి విడత వానలు ముమ్మరం కాకముందే పూర్తవ్వాలి. మందు, కూలీల డబ్బు నెల ఆలస్యంగా అందితే జ్వరాలు మొదలయ్యాక కొట్టినట్టవుతుంది. ఖర్చు అంతే, ఫలితం సగం.

ఇంకో చిక్కు అలకడం. పండక్కి ఎర్రమట్టితోనో పేడతోనో గోడ అలికితే మందు దాని కిందకి పోతుంది. అలకాలనుకుంటే పిచికారీకి ముందే అలకాలి. అందుకే తేదీ ఊరికి ముందుగా చెప్పడం మందంత ముఖ్యం.

పోడు కాపలాకి వెళ్లి మంచె మీద పడుకునేవాళ్లకు మందు కొట్టడానికి గోడే ఉండదు. వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మందు దోమతెరే దిక్కు. దాన్ని మామూలు సబ్బుతో మెల్లగా ఉతికి నీడన ఆరేయాలి; ఎండలో ఆరేస్తే మందు త్వరగా పోతుంది.