క్యాన్సర్ కాని గడ్డ, నలిగే నరం

గడ్డ క్యాన్సర్ కాదని తేలితే ఊరటే, అయితే చేతి విషయంలో అది సగం ఊరట. నరానికి జరిగే హానిని గడ్డ స్వభావం కన్నా అది పెరిగే చోటే ఎక్కువగా నిర్ణయిస్తుంది.

మణికట్టులోని కార్పల్ టన్నెల్ అనే సన్నని దారికి అడుగునా పక్కలా ఎముకలు, పైన సాగని లిగమెంటు (ఎముకలను కలిపే గట్టి కణజాలం) ఉంటాయి. ఆ ఇరుకులోంచి వేళ్లను ముడిచే 9 టెండన్లతో (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లతో) పాటు, బొటనవేలి వైపు వేళ్లకు వెళ్లే మీడియన్ నరం కూడా వెళ్తుంది. వీపు మీదైతే ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని కొవ్వు గడ్డ, అంటే లైపోమా, ఇక్కడ కొద్దిగా పెరిగినా నరాన్ని నొక్కుతుంది. ఒత్తిడికి మొదట నరంలోని సన్నని రక్తనాళాల్లో ప్రసరణ మందగిస్తుంది కనుక తిమ్మిరి వచ్చిపోతూ ఉంటుంది. తరువాత నరతంతువులను కప్పే మైలిన్ పొర దెబ్బతిని సంకేతాల వేగం తగ్గుతుంది. ఇంకా ఆలస్యమైతే నరతంతువులే క్షీణించి, బొటనవేలి మొదట్లోని కండ కరిగిపోతుంది.

మణికట్టులోనే చిటికెనవేలి వైపున అల్నార్ నరం వెళ్లే దారిని ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఫెలిక్స్ గుయాన్ 1861లో వర్ణించాడు. అక్కడ తరచు ఇబ్బంది పెట్టేది గాంగ్లియాన్. కీలు దగ్గర పుట్టి జిగురు ద్రవంతో నిండే ఈ తిత్తి నిజానికి కణాలు పెరిగి ఏర్పడే కణితి కాదు, అయినా నరానికి ఆ తేడాతో పనిలేదు. ఇది కండరాలకు వెళ్లే లోతు శాఖను మాత్రమే నొక్కితే, తిమ్మిరి లేకుండానే చేతి పట్టు సడలుతుంది, వేళ్లను ఎడంగా చాచడం కష్టమవుతుంది. తిమ్మిరి లేదు కాబట్టి నరం బాగుందనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

నరం తొడుగు కణాల నుంచి పుట్టే ష్వానోమా సాధారణంగా తంతువులను పక్కకు నెడుతూ పెరుగుతుంది కాబట్టి, సర్జన్ దాన్ని చాలావరకు నరం చెడకుండా ఒలిచి తీయగలుగుతాడు. మీడియన్ నరంలో చిన్న వయసులోనే కనిపించే కొవ్వు హమార్టోమా (అక్కడి కణజాలమే అస్తవ్యస్తంగా పెరిగిన గడ్డ) అలా కాదు; అది తంతువుల మధ్యే అల్లుకుపోయి ఉంటుంది, దాన్ని పూర్తిగా తీయబోతే నరమే పోతుంది. అందువల్ల లిగమెంటును కోసి దారిని వదులు చేసి, గడ్డను ఉన్నచోటే ఉంచడం వివేకం.

మీడియన్ నరం ఇలా నలగడం వల్ల వచ్చే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ చాలామందికి ఏ గడ్డా లేకుండానే, తరచు రెండు చేతులకూ వస్తుంది. ఒక్క చేతికే వచ్చినప్పుడు, ముఖ్యంగా అక్కడ ఉబ్బు కూడా ఉన్నప్పుడు, గడ్డ ఉందేమోనని వెతకాలి. సంకేతాల వేగాన్ని కొలిచే నరాల వాహక పరీక్ష నరం ఎక్కడ నలిగిందో చూపుతుంది గానీ ఎందుకు నలిగిందో చెప్పదు. అందుకు అల్ట్రాసౌండ్, ఎమ్మారై కావాలి. కారణం గడ్డే అయినప్పుడు మణికట్టు పట్టీతోనో స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తోనో కాలం గడిపితే నష్టమే, ఎందుకంటే క్షీణించిన తంతువులు తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పునే. ఆ లెక్కన మణికట్టు నుంచి వేలికొసకు చేరడానికి నెలలు పడుతుంది.