మా స్పార్క్ గదిలో మందు దొరకదు

పోయిన నెలలో కవిటి నుంచి ఒక పెద్దాయన శ్రీకాకుళంలోని మా ప్రయోగశాలకు వచ్చారు. సంచిలోంచి ఖాళీ సీసా తీసి బల్ల మీద పెట్టారు. "మాస్టారూ, మెరుపుతో వెండిని పొడి చేసే మిషను మీ దగ్గర ఉందటగా. మా ఆవిడకు కిడ్నీలు పాడై క్రియాటినిన్ పెరుగుతోంది. ఈ సీసాడు వెండి నీళ్లు పోసివ్వండి." ఈ ఏడాది ఇలా వచ్చినవారిలో ఆయన నాలుగోవారు.

అపోహ: స్పార్క్‌తో చేసిన నానో వెండి స్వచ్ఛమైనది, అందుకని తాగితే కిడ్నీలు బాగుపడతాయి.

వాస్తవం: స్వచ్ఛత మాట చాలావరకు నిజమే, రసాయనాలేవీ కలపం. ఆర్గాన్ వాయువు పారుతున్న గొట్టంలో రెండు వెండి కడ్డీలను ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంతో ఎదురెదురుగా పెడతాం. విద్యుత్తును కూడబెట్టే కెపాసిటర్ నిండేకొద్దీ వోల్టేజి పెరుగుతుంది. ఇక వాయువు అడ్డుకోలేని క్షణంలో టప్పుమని రవ్వ దూకుతుంది. మైక్రోసెకన్లలో ముగిసే ఆ రవ్వ వేల డిగ్రీల వేడికి కడ్డీ కొసన వెండి ఆవిరై, వెంటనే చల్లారి నానోమీటర్ల కణాలుగా మారుతుంది. గంటసేపు నడిపితే వడపోత కాగితం మీద మిగిలేది కాస్త నల్లటి మసి. అది సెన్సర్లకు, ఉత్ప్రేరకాలకు పనికొస్తుంది.

నోట్లో వేసుకోవడానికి కాదు. మింగిన వెండిలో కొంత ఒంట్లోనే పేరుకుంటుంది: చర్మంలో, కాలేయంలో, ఏ కిడ్నీల కోసం తాగుతున్నారో ఆ కిడ్నీల్లోనూ. చర్మం నీలి బూడిద రంగుకు తిరిగితే ఆ రంగు ఇక వదలదు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే వెండి మందులను సురక్షితమైనవిగా గానీ, పనిచేసేవిగా గానీ గుర్తించలేమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే ప్రకటించింది. కాలిన గాయానికి వెండి లేపనం రాస్తారు కదా అంటారు. రాస్తారు, తాగించరు.

తొమ్మిది వోల్టుల బ్యాటరీలు మూడు కలిపి ఇంట్లో చేసుకునే వెండి నీళ్ల సంగతి మరీ విడ్డూరం. 27 వోల్టులకు రవ్వ ఎక్కడ దూకుతుంది? మామూలు గాలిలో కనీసం 330 వోల్టులైనా కావాలి. అక్కడ జరిగేది విద్యుద్విశ్లేషణ, అంటే కరెంటుకు వెండి నీళ్లలోకి కరగడం. జర్మన్ శాస్త్రవేత్త బ్రెడిగ్ 1898లో నీటి అడుగున నిజంగానే ఆర్క్ (ఆగకుండా వెలిగే విద్యుత్ మెరుపు) వెలిగించి లోహ కణాలు చేశాడు, అదీ వైద్యానికి కాదు.

వెండి నీళ్లు పసుపు రంగుకు తిరిగితే బలమైన మందు అనేది ఇంకో అపోహ. వెండి కణాలు కాంతిని పీల్చుకునే తీరు వల్ల ఆ రంగు వస్తుంది. అంతే.

"మరి మీరు తాగరా?" అని అడిగారు పెద్దాయన. గోడకు వేలాడుతున్న మాస్కు చూపించాను. "ఆ పొడి మా ఊపిరితిత్తుల్లోకి పోకూడదనే ఇంత తంటా, బాబాయ్." ఆయన కాసేపు దానివైపే చూస్తూ ఉండిపోయారు.

బాధ కలిగించిందేమిటంటే, 2023 డిసెంబరులో మొదలైన పలాస కిడ్నీ ఆసుపత్రిని దాటుకుని ఆయన నా దగ్గరకు వచ్చారు. రిపోర్టులన్నీ పట్టుకుని అక్కడికే వెళ్లమన్నాను, ఒంటినొప్పులకు దుకాణంలో మాత్రలు కొని వేయవద్దని చీటీ మీద రాసిచ్చాను. తిరుగు బస్సుకు ముందు ఆ సీసాలో మా క్యాను నీళ్లు నింపుకున్నారు.