గ్రెనేడు, సీసా, బట్టల క్లిప్పు

పిల్లలూ,

మీ వయసులో మాకు సినిమా అంటే జేబులో పెట్టుకునే వస్తువు. టూరింగ్ టాకీసు వెనకాల పడేసిన ఫిల్ము ముక్కలు ఏరుకొచ్చేవాళ్ళం. మాడిపోయిన బల్బులో నీళ్ళు పోసి, అద్దంతో ఎండ పట్టి కొడితే గోడ మీద బొమ్మ పడేది, తలకిందులుగా. ముక్కనే తిరగేసి పెట్టాలని తెలియడానికి ఒక వేసవి పట్టింది. పక్కపక్క గడుల్లో బొమ్మలు రెండూ ఒకేలా ఉండేవి. కళ్ళు చికిలించి చూస్తే హీరో చెయ్యి పిసరంత పైకి లేచేది. ఆ పిసరే సినిమా. హాల్లో సెకనుకి అలాంటి గడులు 24 పరిగెత్తేవి.

ఇప్పుడు ఫోన్లో నేను మళ్ళీ మళ్ళీ చూసే చిన్న సినిమాలు ఎక్కువగా ఆ పిసరుతో ఆడుకునేవే. ‘ఫ్రెష్ గ్వాకమోలి’ అని ఒకటుంది. పెస్ అనే అమెరికా దర్శకుడు 2012లో తీశాడు. నిడివి నిమిషం నలభై సెకన్లే, అయినా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. రెండు చేతులు, ఒక కత్తి, మెక్సికో వాళ్ళ అవకాడో పచ్చడి. అంతే కథ. కాకపోతే అవకాడో బదులు హ్యాండ్ గ్రెనేడు, నిమ్మకాయ బదులు గోల్ఫ్ బంతి, టమాటా బదులు దర్జీలు గుండుసూదులు గుచ్చుకునే మెత్త. కత్తి దిగగానే కొన్నింటి ముక్కలు పాచికలైపోతాయి. ఇంగ్లీషులో చిన్న చదరపు ముక్కలుగా తరగడాన్నీ పాచికల్నీ డైస్ అనే అంటారు, అదీ వేళాకోళం. చప్పుడు మాత్రం అసలు కూరగాయలు తరుగుతున్నట్టే ఉంటుంది. అందుకే కంటికి గ్రెనేడు కనిపిస్తున్నా నోరూరుతుంది. సెకనుకి 12 ఫోటోల చొప్పున లెక్కేసుకున్నా పన్నెండు వందల ఫోటోలు. ప్రతి ఫోటోకీ మధ్య ఒకడు వంగి వస్తువుని పిసరంత జరపాలి.

నాకూ చెయ్యి దురద పుట్టింది. పచ్చ రంగు బట్టల క్లిప్పుల్ని పచ్చిమిరపకాయలుగా, చొక్కా గుండీల్ని మినప్పప్పుగా పెట్టి పోపు తీద్దామని కూర్చున్నా. కిటికీ పక్కన, ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించి. రెండు గంటల్లో 90 ఫోటోలు. తీరా ఆడించి చూస్తే మిరపకాయలు బాగానే నడిచాయి గానీ, మూకుడు మీద వెలుగు తగ్గుతూ పెరుగుతూ ఒకటే మిణుకు. బయట మబ్బులు వస్తూ పోతూ ఉన్నాయి మరి! కళ్ళకి ఆ తేడా తెలియదు, ఫోటోలు వరసగా ఆడిస్తే తెలిసిపోతుంది. రెండోసారి కిటికీ మూసి, ట్యూబ్‌లైటు కింద తీశాను.

ఇలాంటి కనికట్టు ఏమీ లేకుండా కట్టిపడేసేది ‘గ్లాస్’. 1958లో బెర్ట్ హాన్‌స్ట్రా అనే డచ్చి ఆయన ఒక గాజు ఫ్యాక్టరీలో తీసిన డాక్యుమెంటరీ. మాటల్లేవు. కరిగిన గాజుని ఉబ్బించడానికి పనివాళ్ళు గొట్టంలోకి ఊదుతుంటే బుగ్గలు కప్పల్లా ఉబ్బుతాయి, వెనక జాజ్ సంగీతం, అచ్చం వాళ్ళే బాకా వాయిస్తున్నట్టు! ఒకసారి సౌండ్ తీసేసి చూడండి, వట్టి ఫ్యాక్టరీ. మళ్ళీ పెట్టండి, కచేరీ. తర్వాత సీసాలు చేసే యంత్రం వంతు. అక్కడ ఒక సీసా మూతి విరిగి ఇరుక్కుంటుంది. వెనక సీసాలు ఒక్కొక్కటే వచ్చి పడి పగులుతుంటాయి. యంత్రానికి ఆ సంగతే పట్టదు. ఒక మనిషి వచ్చి చేత్తో తీసేదాకా అంతే. నేను ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ అక్కడ నవ్వొస్తుంది.

కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన ‘నైబర్స్’లో ఇద్దరు మనుషులు గడ్డి మీద గాల్లో తేలుతూ పోతారు. తాళ్ళు లేవు. ఎగిరిన ప్రతిసారీ, పైన ఉన్నప్పుడే ఒక్కో ఫోటో తీశారు. చివర్లో కొట్టుకోవడం కాస్త భయంగా ఉంటుంది, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళతో కలిసి చూడండి.

పోపు ఇంకా పూర్తి కాలేదు. ఆవాలకి ఏం పెట్టాలో తేలట్లేదు. మిరియాలు పెడదామంటే అవీ వంటింటివేనాయె. ఏమైనా తడితే రాయండి.

మీ తాతయ్య