పెంకుల కింద ఊపిరాడే షీటు మనకి పనికొస్తుందా?

గుంటూరు నుంచి ఒకాయన అడిగారు. డాబా మీద ట్రస్సు వేసి పెంకులు కప్పించారట, కింద ఫాల్స్ సీలింగు, ఏసీ. వాన లేని రోజు కూడా సీలింగు చెమ్మగిల్లుతోంది, ఇంట్లోవాళ్ళేమో ఈశాన్యం దోషం అంటున్నారు, మేస్త్రీ ఏమో పెంకుల కింద బ్రీతబుల్ మెంబ్రేన్, అంటే ఆ ఊపిరాడే షీటు, వేస్తే పోతుందంటున్నాడు, ఏం చెయ్యాలని. ఈశాన్యాన్ని వదిలేద్దాం, పాపం దానికేం సంబంధం లేదు.

మెంబ్రేన్ మాత్రం భలే వస్తువు. పాలిప్రొపిలీన్‌లో సుద్దపొడి కలిపి పల్చటి ఫిల్ము చేసి సాగదీస్తారు, సుద్ద రేణువుల చుట్టూ సన్న సందులు పడతాయి. ఆవిరి దూరుతుంది, నీళ్ళు దూరవు. జల్లెడే కదా అంటారు, కానీ ఆవిరిలోనూ బొట్టులోనూ ఉండేది అదే అణువు, సైజేం మారదు! పొడిపిండి జల్లెడలోంచి జారుతుంది, అదే పిండి తడిపి ముద్ద చేస్తే అదే జల్లెడలో కూర్చుంటుంది, అదీ సంగతి. నీళ్ళని ముద్ద చేసేది తలతన్యత, అంటే నీటి పైపొరని బిగించి పట్టే గుణం. బళ్ళో నీళ్ళ మీద బ్లేడు తేల్చి చూపించి ఆపేస్తారు, ఇంటికప్పు దాకా తీసుకురారు. ముద్దని అరచేత్తో అదిమితే దిగుతుంది కదా, అలా 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) సందులోంచి నీళ్ళని అదమాలంటే, ప్లాస్టిక్ మీద నీటి స్పర్శకోణం (బొట్టు అంచు ప్లాస్టిక్‌తో చేసే కోణం) 105 డిగ్రీలనుకుంటే, సుమారు 75 కిలోపాస్కల్స్ కావాలి, అంటే 7 మీటర్ల పైన నీళ్ళ బరువు. వానకి అంత దమ్ముండదు.

అయితే జల్లెడ తిరగేసి పట్టుకున్నా పిండి జారుతుంది, మన చిక్కంతా అక్కడే. చలిదేశాల్లో వంటల ఆవిరీ స్నానాల ఆవిరీ ఇంట్లోంచి బయటికి పోవాలి, షీటు దానికోసం. మనకి శ్రావణమాసంలో బయట 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే ఆవిరి పీడనం దాదాపు 3.6 కిలోపాస్కల్స్, ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర 50 శాతం అయితే 1.5. ఆవిరి పైనుంచి కిందికే తోసుకొస్తుంది, షీటు మర్యాదగా దారిస్తుంది. బయటిగాలి 27 డిగ్రీలకి చల్లబడితే చాలు, అందులోని ఆవిరి నీటిబొట్లు కడుతుంది, చల్లటి సీలింగు వీపు చెమర్చక ఏం చేస్తుంది?

చూరులో గాలి దూరి కొప్పులోంచి పోయేలా దారి పెడితే మేలో వేడి లాగేస్తుంది, మంచిదే, కానీ ఆగస్టులో అదే గాలి తేమ మోసుకొస్తుంది. పాత పెంకుటిళ్ళలో ఏసీ లేదు, లోపలా బయటా ఒకటే గాలి, ఈ గొడవే లేదు.

వానజల్లుకి షీటు వేసుకోండి, తప్పులేదు. చెమ్మకి మాత్రం సీలింగు మీద ఇన్సులేషన్ పరిచి, దాని పైవైపు ఫాయిల్ వేసి అతుకులు టేపుతో మూయించండి. ముందు లైట్ల కన్నాలు చూడండి, గుండ్రటి లైటు చుట్టూ గోధుమరంగు మరక ఉంటే గాలి అక్కడే కారుతోంది.