వోల్టా మీ స్విచ్‌లో ఎక్కడా దాక్కోలేదు

కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర గేమ్ కన్సోళ్లు మరమ్మతు చేస్తుంటాను. చెడిపోయినవాటితో సమానంగా చెడిపోనివీ వస్తుంటాయి. "గేమ్ సగమే వస్తోంది, బాగు చేయండి" అంటారు.

అపోహ: కనిపించని భాగాలు గేమ్ లోపలే ఉంటాయి, తెలిసినవాళ్లు తెరవగలరు.

జేబుకు పెద్ద చిల్లు పెట్టేది ఇదే. ఒక వేసవిలో పద్నాలుగేళ్ల కొడుకును వెంటబెట్టుకొని ఒకామె వచ్చింది. భర్తకు కువైట్‌లో డ్రైవర్ పని. నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్, ఫిఫా 23 ఫుట్‌బాల్ గేమ్ కార్డు ఆయనే పంపాడు. స్నేహితుడి ప్లేస్టేషన్‌లో అదే గేమ్‌లో ఉన్న వోల్టా అనే వీధి ఫుట్‌బాల్ భాగం వీడి దాంట్లో లేదు. "మా ఆయనను అక్కడ మోసం చేశారన్నా, ఆయనకు చెప్పడానికి నోరు రావడం లేదు" అంది. ఈలోగా ఎవరో తెరిచిస్తానని మూడు వేలు తీసుకొని సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను కెలికాడు. ఆన్ చేస్తే నల్లటి తెర.

అట్టపెట్టె తిప్పి చూపించాను. పేరు కిందే 'లెగసీ ఎడిషన్' అని ఉంది. ఆ మాటకు అర్థం: ఆట పాతదే, జట్లు, జెర్సీలు మాత్రం ఈ ఏటివి. ఫిఫా 20 నుంచి 23 దాకా స్విచ్‌కు వచ్చినవన్నీ ఇవే. వోల్టాను అందులో పెట్టనే లేదు. లేనిదాన్ని ఎవరు తెరుస్తారు? నాకు కోపం ఆ మూడు వేలు తీసుకున్నవాడి మీదే. ఆమె అక్కడినుంచే కువైట్‌కు ఫోన్ చేసి "నిన్నెవరూ మోసం చేయలేదంట" అని చెప్పింది. కన్సోల్ కోలుకోవడానికి రెండు రోజులు పట్టింది.

అపోహ: కన్సోల్‌కు శక్తి లేకే గేమ్‌లో భాగాలు కోస్తారు.

సగం నిజం. ఆట నడిచేటప్పుడు వాడుకునే మెమరీ (ర్యామ్) ప్లేస్టేషన్ 3లో మొత్తం 512 ఎంబీ, ప్లేస్టేషన్ 4లో 8 జీబీ. అందుకే 2015లో కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 3 అనే యుద్ధం గేమ్ పాత కన్సోళ్లకు కథా భాగం లేకుండానే వచ్చింది. ఆ సంగతి కంపెనీ ముందే చెప్పింది, ధర కూడా తగ్గించింది. మిగతా సగం డబ్బు లెక్క. ఒక కన్సోల్ కోసం ఆటను మళ్లీ రాయాలంటే వేరే బృందం, నెలల జీతాలు కావాలి. అక్కడ అమ్ముడయ్యే కాపీలతో ఆ ఖర్చు తిరిగి రాదనుకుంటే పాత ఆటకే కొత్త జెర్సీ తొడుగుతారు. 2023లో ఫిఫా పేరు మార్చుకొని వచ్చిన ఎఫ్‌సీ 24 అదే స్విచ్ మీద, పెద్ద కన్సోళ్లలో ఆటను నడిపే ఫ్రాస్ట్‌బైట్ ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. కన్సోల్ మారలేదు, కంపెనీ లెక్క మారింది. పూర్తి ధర తీసుకొని జెర్సీలు మార్చి ఇవ్వడం నాకూ నచ్చదు. అయితే దానికి మందు నా స్క్రూడ్రైవర్ దగ్గర లేదు.

అపోహ: పెద్ద మెమరీ కార్డు వేస్తే లేని భాగాలు వస్తాయి.

రావు. అది గేమ్‌లు దాచుకునే చోటు, ర్యామ్ వేరు.

అపోహ: భాగాలు తక్కువుంటే నకిలీ డిస్క్.

ఏది నకిలీయో చూసి చెప్పగలను, కానీ ఇలా తెచ్చినవాటిలో చాలావరకు అసలైనవే. కొనేముందు పెట్టె ఫోటో పంపండి, చూసి చెబుతాను. దానికి డబ్బు తీసుకోను.