హిట్లర్, ముస్సోలిని, టోజో గద్దెనెక్కిన తీరు: అపోహలు - వాస్తవాలు

సివిల్స్ మెయిన్స్ జవాబు పత్రాలు తీసినా, యూట్యూబ్ వీడియోలు చూసినా, వాట్సాప్ ఫార్వర్డులు చదివినా రెండో ప్రపంచ యుద్ధంలో అక్షరాజ్యాలైన జర్మనీ, ఇటలీ, జపాన్‌ల నేతలు హిట్లర్, ముస్సోలిని, టోజోల కథ ఒకే మూసలో కనిపిస్తుంది. కటిక పేదరికంలో పుట్టారు, ఉపన్యాసాలతో జనాన్ని ఊపేశారు, ఒక్క ఉదుటున దేశాన్ని చేజిక్కించుకున్నారు. ఆధునిక ప్రపంచ చరిత్ర బోధించేవాళ్లం మొదట సరిదిద్దాల్సింది ఈ మూసనే. ఈ చరిత్రలో ఉపన్యాసాలకంటే సీట్ల లెక్కలు, గడువులు, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టారు, ఎవరు పెట్టలేదు అన్నవే ఎక్కువ విషయం చెబుతాయి.

అపోహ: జర్మన్ ప్రజలు మెజారిటీతో హిట్లర్‌ను గెలిపించారు.

స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికలోనూ నాజీ పార్టీకి మెజారిటీ రాలేదు. 1928 మేలో వచ్చింది 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. 1930 సెప్టెంబరులో 18.3 శాతం, 107 సీట్లు. 1932 జూలైలో 37.3 శాతం, 608 సీట్లలో 230. ఆ పార్టీకి అదే శిఖరం. మూడు నెలలకే, 1932 నవంబరులో, దాదాపు 20 లక్షల ఓట్లు జారిపోయి 33.1 శాతానికి, 196 సీట్లకు దిగింది. అధ్యక్ష ఎన్నికలోనూ అంతే. 1932 ఏప్రిల్ 10 రెండో రౌండులో అప్పటి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌కు 53 శాతం రాగా హిట్లర్‌కు 36.8 శాతమే. అన్నట్టు, ఆ పోటీకి దిగడానికి కొద్ది వారాల ముందు దాకా ఆయన జర్మన్ పౌరుడే కాదు. ఆస్ట్రియా పౌరసత్వాన్ని 1925లో వదులుకున్నాడు. 1932 ఫిబ్రవరిలో బ్రన్స్‌విక్ రాష్ట్ర ప్రభుత్వం ఒక చిన్న అధికారి పదవి ఇచ్చింది, దాంతో పౌరసత్వం దక్కింది.

మరి ఓట్లు తగ్గుతున్న పార్టీ నాయకుడు మూడు నెలల్లోపే ఛాన్సలర్, అంటే ప్రధాని, ఎలా అయ్యాడు? నాటి జర్మనీ రాజ్యాంగం (వాయిమార్ రాజ్యాంగం) 48వ అధికరణ అధ్యక్షుడికి అత్యవసర ఉత్తర్వులు జారీచేసే అధికారం ఇచ్చింది. పార్లమెంటు మెజారిటీతో వాటిని రద్దు చేయవచ్చు. 1930 జూలైలో ఛాన్సలర్ బ్రూనింగ్ ఆర్థిక ఉత్తర్వును పార్లమెంటు నిజంగానే రద్దు చేసింది. బ్రూనింగ్ దానికి జవాబుగా గడువుకు రెండేళ్ల ముందే పార్లమెంటును రద్దు చేయించాడు. నాజీలు 12 నుంచి 107కి ఎగబాకింది ఆ ఎన్నికలోనే. అక్కడి నుంచి వరసగా ఛాన్సలర్లయిన బ్రూనింగ్, పాపెన్, ష్లైషర్ ముగ్గురూ పార్లమెంటు బలం లేకుండా, హిండెన్‌బర్గ్ సంతకం మీదే ప్రభుత్వం నడిపారు. అంటే 1932 నాటికి జర్మనీలో ఎవరు పాలించాలన్నది తేల్చేది ఓటరు కాదు, 85 ఏళ్ల అధ్యక్షుడి చుట్టూ ఉన్న నలుగురైదుగురు.

ఆ నలుగురైదుగురిలో పాపెన్ ఒకడు. 1933 జనవరి 4న కొలోన్‌లో బ్యాంకరు ష్రోడర్ ఇంట్లో హిట్లర్‌తో బేరం మొదలుపెట్టాడు. జనవరి 30న ఏర్పడిన మంత్రివర్గంలో నాజీలు ముగ్గురే: హిట్లర్, ఫ్రిక్, గోరింగ్. మిగతావాళ్లంతా సంప్రదాయవాదులు. పాపెన్ వైస్ ఛాన్సలర్. ముగ్గురిని చుట్టూ కూర్చున్న పెద్దమనుషులు కట్టడి చేస్తారన్నది లెక్క. లెక్క ఎక్కడ తప్పిందో చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపెడతారు గానీ, అసలు సంగతి అక్కడే ఉంది. గోరింగ్‌కు దక్కిన రెండో పదవి ప్రష్యా హోంశాఖ. జర్మనీ జనాభాలో సగానికి పైగా ప్రష్యాలోనే ఉండేవారు, అక్కడి పోలీసులు ఆ శాఖ కిందే ఉండేవారు. 1932 జూలై 20న ప్రష్యాలోని సోషల్ డెమొక్రాట్ల ప్రభుత్వాన్ని అత్యవసర ఉత్తర్వుతో కూలదోసి ఆ కుర్చీని ఖాళీ చేసిపెట్టింది ఎవరో కాదు, పాపెనే. ఫిబ్రవరిలో గోరింగ్ నాజీ దళాల నుంచీ, వాళ్ల మిత్రుల నుంచీ 50 వేల మందిని సహాయక పోలీసులుగా తీసుకున్నాడు. నిన్నటిదాకా వీధుల్లో కొట్లాడినవాళ్ల చేతికి ప్రభుత్వ లాఠీ వచ్చింది.

అపోహ: పార్లమెంటు భవనం తగలబడింది, మర్నాటి నుంచి నియంతృత్వం.

ఇది సగం నిజం. 1933 ఫిబ్రవరి 27న మంటలు, 28న హిండెన్‌బర్గ్ సంతకంతో పౌరహక్కుల రద్దు. ఆ వాతావరణంలోనే మార్చి 5న ఎన్నిక జరిగింది. కమ్యూనిస్టులను జైళ్లలో కుక్కి, ప్రత్యర్థుల సభలు ఆపించి పెట్టిన ఎన్నికలో సైతం నాజీలకు 43.9 శాతమే, 647 సీట్లలో 288. మిత్రపక్షం 52తో కలిపితేనే సగం దాటింది. చట్టాలు చేసే అధికారాన్ని మంత్రివర్గానికి ధారాదత్తం చేయాలంటే రాజ్యాంగ సవరణ కావాలి. అందుకు రెండు షరతులు: మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల మంది, అంటే 432 మంది, సభలో ఉండాలి, ఉన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది అవునని ఓటేయాలి.

ఇక్కడ కాస్త లెక్క చేయాలి. సోషల్ డెమొక్రాట్లు 120, కమ్యూనిస్టులు 81, కలిపి 201. వీళ్లంతా సభకు రాకపోతే మిగిలేది 446. ఇంకో 15 మంది గైర్హాజరైతే కోరం పడిపోతుంది. అందుకే సభానియమాలను సవరించి, అనుమతి లేకుండా రానివాళ్లను వచ్చినట్టే లెక్కించేలా చేశారు. మార్చి 23న క్రోల్ ఒపేరా భవనంలో, నాజీ దళాలు హాలులో నిలబడి ఉండగా ఓటింగ్ జరిగింది. అధికారిక లెక్క 444కి 94. వ్యతిరేకించింది సోషల్ డెమొక్రాట్లు మాత్రమే. వాళ్లలో మిగతా 26 మంది అప్పటికే జైల్లోనో, పరారీలోనో, రాలేని స్థితిలోనో ఉన్నారు. కమ్యూనిస్టుల్లో ఒక్కరినీ రానివ్వలేదు.

కమ్యూనిస్టులను అరెస్టు చేయడంవల్లే బిల్లు గట్టెక్కిందని చాలామంది రాస్తారు. అది లెక్కకు నిలవదు. ఆ 201 మందీ వచ్చి వ్యతిరేకించినా 645లో 444 అంటే 68.8 శాతం, బిల్లు నెగ్గేది. తేల్చింది కాథలిక్కుల సెంటర్ పార్టీ. 70కి పైగా ఉన్న దాని ఓట్లు తీసేస్తే అనుకూలం 58 శాతం దగ్గర ఆగిపోతుంది. రాతపూర్వక హామీలు ఇస్తామన్న మాట నమ్మి ఆ పార్టీ ఓటేసింది. జూలై 5 నాటికి అది తనను తానే రద్దు చేసుకుంది. జూలై 14న నాజీ పార్టీ తప్ప మరో పార్టీ ఉండకూడదని చట్టం వచ్చింది. ఛాన్సలర్ అయిన ఆరు నెలల్లోపే.

అపోహ: బస్తాల్లో నోట్లు మోసుకెళ్లిన ద్రవ్యోల్బణమే హిట్లర్‌ను గెలిపించింది.

బండెడు నోట్ల ఫోటో 1923 నాటిది. ఆ ఏడాది నవంబరులో ఒక డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు పలికింది. అదే నెలలో కొత్త కరెన్సీతో దానికి అడ్డుకట్ట పడింది. ఐదేళ్ల తర్వాత నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతమని పైన చూశాం. 1932 నాటి జబ్బు సరిగ్గా దానికి వ్యతిరేకం: ధరలూ జీతాలూ పడిపోతున్నాయి, నిరుద్యోగులు సుమారు 60 లక్షలు. ఉద్యోగం పోయినవాళ్లంతా నాజీలకే ఓటేశారన్నదీ నిలవదు. నిరుద్యోగ కార్మికుల్లో ఎక్కువమంది కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. నాజీల కోటలు ప్రొటెస్టెంట్ పల్లెలు, చిన్న పట్టణాలు. 1932 జూలైలో రైతాంగ ప్రాంతమైన ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లో 51 శాతం వస్తే, కాథలిక్కులు ఎక్కువగా ఉన్న కొలోన్-ఆకెన్‌లో 20 శాతం దగ్గరే ఆగారు.

ధనవంతులు డబ్బు కుమ్మరించి కొనిపెట్టారన్న వాదనకూ తేదీ చూడాలి. పార్టీ ఖర్చులో పెద్ద వాటా సభ్యత్వ రుసుముల నుంచీ, సభలకు పెట్టిన టికెట్ల నుంచీ వచ్చేది. పారిశ్రామికవేత్తలను గోరింగ్ నివాసానికి పిలిచి 30 లక్షల మార్కుల ఎన్నికల నిధి అడిగింది 1933 ఫిబ్రవరి 20న. అప్పటికి హిట్లర్ ఛాన్సలర్ అయి మూడు వారాలైంది.

అపోహ: 'అబద్ధాన్ని వందసార్లు చెబితే నిజమైపోతుంది' అని హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ అన్నాడు.

మన పత్రికల్లో 'గోబెల్స్ ప్రచారం' అన్న మాట పడని ఎన్నికల సీజను ఉండదు. కానీ ఈ వాక్యం గోబెల్స్ రాతల్లోగానీ ఉపన్యాసాల్లోగానీ దొరకలేదు. పెద్ద అబద్ధం గురించి హిట్లర్ తన ఆత్మకథలో రాసింది యూదుల మీద నేరారోపణగా. 1941లో గోబెల్స్ రాసిందేమో చర్చిల్ మీద, ఇంగ్లిషువాళ్ల మీద. తాము చేస్తున్నది ఎదుటివాడికి అంటగట్టడం వాళ్ల పద్ధతి, దాన్ని తమ సిద్ధాంతంగా ఒప్పుకోవడం కాదు. పైగా గోబెల్స్ 1926 నుంచి బెర్లిన్ పార్టీ అధిపతి. బెర్లిన్‌లోనేమో నాజీల ఓటు జాతీయ సగటుకు ఎప్పుడూ బాగా కిందే.

అపోహ: ముస్సోలిని సైన్యంతో రోమ్ మీదికి దండెత్తి గెలిచాడు.

1922 అక్టోబరు 28న రోమ్ వైపు కదిలిన నల్లచొక్కాల వాళ్లు, అంటే ముస్సోలిని ఫాసిస్టు దళాలు, పాతికవేల పైచిలుకు. వానలో తడుస్తూ, తిండి సరిగా లేక, చాలామంది చేతుల్లో వేటతుపాకులూ దుడ్డుకర్రలే. రోమ్‌లో జనరల్ పుగ్లియేసె కింద ఉన్న సైన్యం దాదాపు 28 వేలు, ఫిరంగులూ మెషిన్‌గన్నులతో. ఊరికి ముందే చాలా చోట్ల రైళ్లు ఆపేశారు. ప్రధాని ఫాక్టా సైనిక పాలన ఉత్తర్వు సిద్ధం చేసి జిల్లాలకు టెలిగ్రాములు సైతం పంపాడు. మధ్యాహ్నం నుంచి అమలు. రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ III ఉదయాన్నే సంతకానికి నిరాకరించాడు. ఎందుకన్నదానిపై చరిత్రకారులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఆ సమయానికి ముస్సోలిని దండు ముందు లేడు, మిలాన్‌లో టెలిఫోను దగ్గర ఉన్నాడు. రాజు పిలుపు రూఢి అయ్యాక రాత్రి రైలెక్కి 30 ఉదయం రోమ్‌లో దిగాడు. ప్రఖ్యాతమైన ఆ కవాతు జరిగింది 31న, ప్రధాని అయిన మర్నాడు.

అప్పటికి 535 మంది ఉన్న సభలో ఫాసిస్టుల బలం 35కు కాస్త అటూ ఇటూ. అయినా విశ్వాస తీర్మానం 306కి 116 ఓట్లతో నెగ్గింది. 1923లో వచ్చిన అచెర్బో చట్టం 25 శాతం దాటి అందరికన్నా ముందున్న జాబితాకు మూడింట రెండొంతుల సీట్లు కట్టబెట్టింది. 1924 జూన్ 10న సోషలిస్టు ఎంపీ మట్టెయొట్టి అపహరణ, హత్యతో ముస్సోలిని దాదాపు పడిపోయే స్థితికి వచ్చాడు. ప్రతిపక్షాలు సభను బహిష్కరించి రాజు కదులుతాడని ఎదురుచూశాయి. రాజు కదల్లేదు. 1925 జనవరి 3న బాధ్యత నాదేనని సభలోనే ప్రకటించి ముస్సోలిని ముసుగు తీసేశాడు. పార్టీల నిషేధం 1926 నవంబరులో. జర్మనీలో ఆరు నెలల పని ఇటలీలో నాలుగేళ్లు పట్టింది.

అపోహ: టోజో జపాన్ హిట్లర్.

సులువైన పోలిక, అంతే తప్పు పోలిక. టోజో పార్టీ పెట్టలేదు, ఎన్నికల్లో పోరాడలేదు, కుట్రతో గద్దెనెక్కలేదు. లెఫ్టినెంట్ జనరల్ కొడుకు. 1905లో సైనిక అకాడమీ, తర్వాత మంచూరియాలోని జపాన్ సైన్యం, అంటే క్వాంటుంగ్ సైన్యపు మిలిటరీ పోలీసు అధిపతి, 1937లో ఆ సైన్యానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్, 1940 జూలైలో సైనిక మంత్రి. ఒక్కో మెట్టూ ఎక్కిన ఉద్యోగి. జపాన్‌లో మీట వేరేచోట ఉంది. 1936లో పునరుద్ధరించిన నియమం ప్రకారం సైనిక, నౌకాదళ మంత్రులు సర్వీసులో ఉన్న అధికారులే కావాలి. సైన్యం తన మంత్రిని ఉపసంహరించుకుని మరొకరిని ఇవ్వకపోతే ప్రభుత్వం కూలుతుంది. 1940 జూలైలో ప్రధాని యొనాయ్ ప్రభుత్వం కూలింది అలాగే. జర్మనీ, ఇటలీ, జపాన్‌ల త్రైపాక్షిక ఒప్పందం 1940 సెప్టెంబరు 27న జరిగేటప్పుడు ప్రధాని కొనోయే. దౌత్య చర్చలకు అక్టోబరు ఆరంభాన్ని గడువుగా పెట్టిన 1941 సెప్టెంబరు 6 సమావేశం నాటికీ ఆయనే. కొనోయే తప్పుకున్నాక సైన్యాన్ని అదుపులో ఉంచగలవాడు సైన్యం మనిషేనని చక్రవర్తి సలహాదారు కిడో సిఫారసు చేస్తే, అక్టోబరు 18న టోజో ప్రధాని అయ్యాడు.

మన తీరానికి సంబంధం ఇక్కడే తగులుతుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ నౌకాదళ విమానాలు బాంబులు వేసినప్పుడు టోకియోలో ప్రధాని టోజోనే.

అపోహ: భారత స్వాతంత్ర్యానికి హిట్లర్ అండగా నిలిచాడు.

ఇంగ్లిషువాళ్ల శత్రువు కాబట్టి మన మిత్రుడన్న తర్కం ఇంకా చావలేదు. ఇండియా వేరెవరి చేతిలోనో ఉండేకంటే ఇంగ్లిషువాళ్ల కింద ఉండటమే తనకిష్టమని హిట్లర్ ఆత్మకథలోనే రాశాడు. 1941 ఏప్రిల్‌లో బెర్లిన్ చేరిన సుభాష్ చంద్రబోస్‌కు హిట్లర్ దర్శనం దొరికింది 1942 మే 29న. ఆ రాతల మీద బోస్ ముఖం మీదే అభ్యంతరం చెప్పాడు. అడిగిన స్వాతంత్ర్య ప్రకటన మాత్రం దక్కలేదు. 1943 ఫిబ్రవరిలో జలాంతర్గామిలో తూర్పుకు బయలుదేరాడు. జూన్‌లో టోజోను కలిశాక, అక్టోబరులో ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని జపాన్ గుర్తించింది. అదీ జపాన్ యుద్ధ అవసరాల లెక్కలోనే.

చిన్నవి కొన్ని. హిట్లర్ తండ్రి కస్టమ్స్ అధికారి, పేదవాడు కాదు. పార్టీలో ఏడో సభ్యుడన్నది కట్టుకథ. ఆయన కార్డు సంఖ్య 555, అదీ 501 నుంచి మొదలైన వరుసలో. జర్మనీ మోటారు రహదారులు ఆయన ఆలోచన కాదు. కొలోన్-బాన్ రహదారిని 1932 ఆగస్టు 6న మేయరు అడెనావర్ ప్రారంభించాడు. స్పెయిన్ నియంత ఫ్రాంకో త్రైపాక్షిక ఒప్పందంలో చేరలేదు.

అపోహ: ముగ్గురికీ ఒకే రకమైన అధికారం, ఒకే రకమైన పతనం.

ముస్సోలిని పైన చివరిదాకా రాజు ఉన్నాడు. 1943 జూలై 24-25 రాత్రి ఫాసిస్టు మహామండలిలో 19 మంది ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు. మధ్యాహ్నం రాజు పిలిచి పదవి పీకేశాడు, బయటకు రాగానే అరెస్టు. టోజో పైన చక్రవర్తి, పక్కన మాజీ ప్రధానుల బృందం. 1944 ఫిబ్రవరిలో ప్రధాని, సైనిక మంత్రి, సైన్యాధిపతి పదవులు మూడూ తన చేతిలోకి తీసుకున్నవాడు, సైపాన్ దీవి అమెరికా చేతికి పోగానే ఆ పెద్దలు పట్టుపడితే జూలై 18న రాజీనామా రాసిచ్చాడు. జర్మనీ మిత్రదేశం రుమేనియాలోనూ నియంత అంతొనెస్కును యువకుడైన రాజు మిహాయ్ 1944 ఆగస్టు 23న కొలువులోనే బంధించాడు.

జర్మనీలో అలాంటి కుర్చీ మిగల్లేదు. హిండెన్‌బర్గ్ కన్నుమూసేందుకు ఒకరోజు ముందు, 1934 ఆగస్టు 1న, అధ్యక్ష, ఛాన్సలర్ పదవులను కలిపేస్తూ మంత్రివర్గం చట్టం చేసింది. ఆగస్టు 2న సైన్యం చేత దేశం పేర కాకుండా హిట్లర్ పేర ప్రమాణం చేయించారు. ఆ తర్వాత ఆయన్ను తొలగించే అధికారం ఉన్న మనిషిగానీ సభగానీ లేదు. టోక్యోలో టోజో కాగితం మీద రాజీనామా చేసిన రెండు రోజులకు, 1944 జూలై 20న, జర్మన్ సైనికాధికారులు అదే పనికి బ్రీఫ్‌కేసులో బాంబు పెట్టాల్సి వచ్చింది.