గోడలోంచి వచ్చే ఆక్సిజన్

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆసుపత్రిలో మంచం తలవైపు గోడకి ఉండే ఆక్సిజన్ ఎక్కడినుంచి వస్తుందని అడిగారు కదా. కరోనా రెండో దఫాలో, 2021 ఏప్రిల్, మే నెలల్లో, మంచాలూ వెంటిలేటర్లూ ఉన్నచోట కూడా వైద్యం తడబడింది ఆ గోడ వెనకే.

ముందు లెక్క చూడండి. పెద్ద సిలిండర్‌ని డి టైపు అంటారు. అందులో సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. మాస్కు పెట్టి నిమిషానికి 10 లీటర్లు ఇస్తే ఒక్కరికి పదకొండున్నర గంటలు వస్తుంది. ముక్కు గొట్టాల్లోంచి నిమిషానికి 60 లీటర్లు పంపే హై ఫ్లో యంత్రం పెడితే రెండు గంటలు కూడా రాదు. నూరుమంది తలా 10 లీటర్లు వాడితే రోజుకి 200కు పైగా సిలిండర్లు కావాలి. అన్ని సిలిండర్లు దొర్లించి, బిగించి, మార్చడం మనుషుల వల్ల అయ్యే పని కాదు. అందుకే పెద్దాసుపత్రుల వెనక ద్రవ ఆక్సిజన్ ట్యాంకు ఉంటుంది. మైనస్ 183 డిగ్రీల చలిలో ద్రవమైన ఆక్సిజన్ ఒక్క లీటరు, వాయువుగా మారితే దాదాపు 860 లీటర్లవుతుంది. ఆ నూరుమందికీ రోజుకి 1,700 లీటర్ల ద్రవం చాలు.

అయితే ట్యాంకు నిండుగా ఉన్నా మంచం దగ్గర ఆక్సిజన్ అందకపోవచ్చు. ద్రవాన్ని వాయువుగా మార్చేది వేపరైజర్. అల్యూమినియం రెక్కలున్న గొట్టాల వరస అది; బయటి గాలిలోని వేడే దానికి ఇంధనం. తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ లాగితే గాలిలోని తేమ రెక్కల మీద మంచుగా పేరుకుంటుంది. మంచు పొర అడ్డుపడితే వేడి అందదు, పైపుల్లో పీడనం పడిపోతుంది. రెండో వేపరైజర్ పెట్టి కొన్ని గంటలకొకసారి మార్చడం, మామూలు నీళ్లు కొట్టి మంచు కరిగించడం దీనికి మందు.

తర్వాతి చిక్కు పైపులది. లైన్లో సుమారు 4 బార్ల (బయటి గాలి పీడనానికి దాదాపు నాలుగింతల) పీడనం ఉండాలి. పది ఐసీయూ మంచాల కోసం వేసిన సన్నటి రాగి గొట్టం మీద నలభై మంచాలు పెడితే చివరి మంచం దగ్గర వెంటిలేటర్ అలారం మోగుతుంది. అందుకే హై ఫ్లో రోగులందర్నీ ఒకే లైన్ మీద ఉంచకూడదు. వీలైతే లావు గొట్టంతో వేరే లైన్ లాగాలి.

వార్డులో నర్సులు చేసిన పొదుపు నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. కోవిడ్ రోగికి రక్తంలో ఆక్సిజన్ 92 నుంచి 96 శాతం ఉంటే సాధారణంగా సరిపోతుంది. 99 చూపించాలని ఫ్లో పెంచడం వృథా. అన్నం తినేటప్పుడు మాస్కు తీసి దిండు మీద పెడితే ఆక్సిజన్ ఎంత పోతోందో చూపే ఫ్లోమీటర్ కట్టెయ్యాలి. రోగిని బోర్లా పడుకోబెడితే వీపువైపు ఊపిరితిత్తుల భాగాలు తెరుచుకుంటాయి. చాలామందికి తక్కువ ఆక్సిజన్‌తోనే సరిపోయింది. దానికి యంత్రం అక్కర్లేదు, తిప్పే చేతులూ దిండ్లూ ఉంటే చాలు.

సరఫరా సంగతీ చెప్పాలి. ఆ ఏప్రిల్‌లో విశాఖ ఉక్కు కర్మాగారంలో నింపిన ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్ర వెళ్లాయి. అదే తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్. హైదరాబాదు బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానాల్లో ఒడిశాకి పంపారు. నిండినవాటిని విమానమెక్కించడం ప్రమాదం కాబట్టి తిరుగు ప్రయాణం నేలమీదే. ఎక్కడా నూనె, గ్రీజు తగలనివ్వకూడదు. ఆక్సిజన్‌లో అవి భగ్గుమంటాయి.

ఆ తర్వాత చాలా ఆసుపత్రుల్లో, గాలిలోంచే ఆక్సిజన్ వేరుచేసే పీఎస్‌ఏ ప్లాంట్లు పెట్టారు. జియోలైట్ అనే ఖనిజపు గుళికలు గాలిలోని నత్రజనిని పట్టుకుంటే 93 శాతం దాకా ఆక్సిజన్ మిగులుతుంది. తేమా, కంప్రెసర్ నూనే లోపలికి పోతే గుళికలు పాడవుతాయి. కరెంటు పోతే ప్లాంటు ఆగుతుంది. కనుక ఫిల్టర్లు, జనరేటర్, పక్కన నిండు సిలిండర్లు ఉండి తీరాలి.

ఇక మీకో లెక్క. అంబులెన్సులో బి టైపు సిలిండర్, నిండా 1,500 లీటర్లు. రోగికి నిమిషానికి 5 లీటర్లు, ప్రయాణం నాలుగు గంటలు. సిలిండర్ నాలుగింట మూడొంతులే నిండి ఉంటే సరిపోతుందా? జవాబు రాసి పంపండి.

మీ తాతయ్య